స్ట్రేంజర్ థింగ్స్ సీజన్ 2: తిరిగొచ్చిన పిల్లాడి సంగతి ఎవరికి కావాలి?

పోయిన ఎపిసోడ్ కింద ఒకటే గోల. "అన్నా, స్ట్రేంజర్ థింగ్స్ లాస్ట్ సీజన్ మీద వీడియో చెయ్యి" అని. చెయ్యను. దాని మీద ఇప్పటికే యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి. నేను మాట్లాడబోయేది రెండో సీజన్ గురించి. 2017 అక్టోబర్ 27న వచ్చింది, 9 ఎపిసోడ్లు. "అది మధ్యలో వచ్చే సీజనే కదా, దాంట్లో ఏముంది" అనేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. స్పాయిలర్లు ఫుల్లుగా ఉంటాయి. చూడనివాళ్లు ఇక్కడే ఆపేసి, చూసొచ్చి, మళ్లీ ప్లే నొక్కండి.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. అమెరికాలో ఇండియానా అనే రాష్ట్రం, అందులో హాకిన్స్ అని ఒక కల్పిత ఊరు. 1983 నవంబర్‌లో విల్ బయర్స్ అనే పిల్లాడు మాయమైపోతాడు. ఊళ్లో ఉన్న ప్రభుత్వ ల్యాబ్‌లో చేసిన ప్రయోగాల వల్ల ఇంకో లోకానికి దారి తెరుచుకుని ఉంటుంది. దాని పేరు అప్‌సైడ్ డౌన్. మన ఊరే, కానీ కుళ్లిపోయి, చీకటి పట్టిపోయిన మన ఊరు. వాళ్లమ్మ జాయిస్, పోలీస్ చీఫ్ హాపర్, విల్ స్నేహితులు, మనసుతో వస్తువుల్ని కదిలించే ఎలెవెన్ అనే అమ్మాయి, వీళ్లంతా కలిసి పిల్లాణ్ని వెనక్కి తెస్తారు. అక్కడితో మొదటి సీజన్ అయిపోయింది. మన సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడిపోతుంది. అమ్మ కొడుకుని వాటేసుకుంటుంది, లైట్లు వేస్తారు, మనం పార్కింగ్‌లో బండి వెతుక్కుంటాం.

రెండో సీజన్ మొదలయ్యేది ఆ శుభం కార్డు తర్వాత. పిల్లాడు తిరిగొచ్చాడు సరే. తర్వాత?

అసలు విషయానికి వెళ్లేముందు ఈ 'నోస్టాల్జియా' అనే మాట సంగతి తేల్చేద్దాం. ఈ సిరీస్ పేరెత్తితే ప్రతి రివ్యూలోనూ అదే మాట. ఎనభైల నాటి సైకిళ్లు, వాకీ టాకీలు, వీడియో గేమ్ ఆర్కేడ్, సింథసైజర్ మ్యూజిక్. తమాషా ఏంటంటే, దీన్ని తీసిన మ్యాట్ డఫర్, రాస్ డఫర్ కవలలు. పుట్టింది 1984లో. రెండో సీజన్ కథ జరిగేది కూడా 1984లోనే. అంటే ఆ కథ జరిగేటప్పుడు వాళ్లు ఉయ్యాల్లో ఉన్నారు! వాళ్లకి గుర్తున్నది ఆ కాలం కాదు, ఆ కాలంలో వచ్చిన సినిమాలు. ఈటీ, గూనీస్, ఘోస్ట్‌బస్టర్స్. వీడియో క్యాసెట్లలో చూసిన బాల్యాన్ని తీసుకొచ్చి మనకి చూపించారు. గూనీస్‌లో చిన్నపిల్లాడిగా చేసిన షాన్ ఆస్టిన్‌ని ఈ సీజన్‌లో బాబ్ పాత్రకి తీసుకున్నారు చూడండి, అదీ లెక్క.

మరి మనం? నేను తొంభైల్లో పుట్టాను. తెనాలిలో పెరిగాను. ఆర్కేడ్ అంటే నాకు తెలిసింది ఊరికి ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు పెట్టే రెండు పాత మిషన్లు. హాలోవీన్ అంటే ఏంటో బీటెక్‌లో గానీ తెలీలేదు. అయినా ఆ పిల్లలు నాలుగు సైకిళ్ల మీద చీకట్లో వెళ్తుంటే గుండె పట్టేస్తుంది. ఎందుకు? ఎవరిదో బాల్యం, ఎవరిదో ఊరు, ఆ తీసినవాళ్లది కూడా కాదు. నాకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. ఈసారి రెండో సీజన్ మళ్లీ చూసేటప్పుడు ఒక పిచ్చి పని చేశాను. పక్కన క్యాలెండర్ పెట్టుకుని చూశాను.

రెండో ఎపిసోడ్ జరిగేది 1984 అక్టోబర్ 31న. హాలోవీన్ రాత్రి. పిల్లలంతా ఘోస్ట్‌బస్టర్స్ వేషాలేసుకుని చాక్లెట్లు అడుక్కుంటూ తిరుగుతుంటారు. 1984 అక్టోబర్ 31. ఇక్కడ ఆ రోజు పొద్దున్న ఢిల్లీలో ఇందిరా గాంధీని కాల్చి చంపారు. అదే రోజు! మా నాన్న అప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. బడి మధ్యలో వదిలేశారు, బజారంతా షట్టర్లు దించేశారు, ఎవరింట్లో రేడియో ఉంటే అక్కడ జనం గుమిగూడారు అని చెప్తాడు. దానికి రెండు నెలల ముందు, ఆగస్టు 16న, ఎన్టీఆర్ గారిని ముఖ్యమంత్రి పదవి నుంచి తీసేశారు. ఆ కుర్చీలో నెల రోజులు కూర్చున్న నాదెండ్ల భాస్కరరావు గారు మన తెనాలి వైపు నాయకుడే. సెప్టెంబర్ 16న మళ్లీ ఎన్టీఆర్. ఆ ఏడాదే జులై 7న దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది, మన దేశంలో టీవీ సీరియల్ అనే అలవాటే దాంతో వచ్చింది. అంటే హాకిన్స్‌లో పిల్లలు గేమ్ హైస్కోర్ల కోసం కొట్టుకుంటున్నప్పుడు మన దగ్గర చాలా ఊళ్లలో టీవీయే ఇంకా రాలేదు.

మరి అప్పటి మన పిల్లలకి దెయ్యాలు, రాక్షసులు, ఇంకో లోకాలు ఎక్కడ దొరికేవి? చందమామలో. ఇది మా ఊరి గొప్ప చెప్పుకోవడం అనుకోండి, పర్లేదు. 1947 జులైలో చందమామ పెట్టింది నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు. చక్రపాణిది తెనాలి. దాన్ని దశాబ్దాల పాటు నడిపిన కొడవటిగంటి కుటుంబరావుది తెనాలి. 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాకాసిలోయ' లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిది కూడా పాత గుంటూరు జిల్లాయే. ఆయన పేరు సీరియల్ మీద వేసేవారు కాదు, అందుకే మీలో చాలామంది ఇప్పుడే మొదటిసారి వింటుంటారు. మాంత్రికులు, కొండ గుహలు, భూమి కింద కోటలు, వింత జంతువులు. డెమోగార్గన్‌కి తాతల్లాంటివన్నీ అక్కడ ఉన్నాయి. నెలకి నాలుగైదు పేజీలు, హీరో సరిగ్గా కొండచిలువ నోటి ముందుకి వచ్చేసరికి "ఇంకా ఉంది". నెల రోజులు ఆగాలి! నెట్‌ఫ్లిక్స్ తొమ్మిది ఎపిసోడ్లూ ఒకే పూట వదిలేసింది. మనం ఒక రాత్రిలో లాగించేసి పొద్దున్న "ఆఁ, ఏముంది" అంటాం.

ఇక్కడ నాకొక తేడా కనపడింది. ఆ చందమామ సీరియల్స్‌లో ఒక కథ అయిపోతే అయిపోయినట్టే. కొత్త హీరోలు, కొత్త అడవి, కొత్త మాంత్రికుడు. రాక్షసుడి గుహలోంచి బయటపడ్డ కుర్రాడు ఆ తర్వాత ఏడాది ఎలా నిద్రపోయాడు అని ఎవరూ అడగలేదు. జానపదానికి అది అక్కర్లేదు. స్ట్రేంజర్ థింగ్స్ రెండో సీజన్ సరిగ్గా అదే అడిగింది. అందుకే నాకిది అయిదు సీజన్లలోకీ ఎక్కువ ఇష్టం.

విల్ బడికి వెళ్తాడు. లాకర్‌లో ఎవరో 'జాంబీ బాయ్' అని రాసి పెడతారు. ఇంట్లో అమ్మ అయిదు నిమిషాలు కనపడకపోతే ఊరంతా ఫోన్లు చేస్తుంది. అన్నయ్య జాలిగా చూస్తాడు. స్నేహితులు వాడితో మామూలుగా ఉండటానికి కష్టపడుతుంటారు. ఆ కష్టపడటం వాడికి తెలిసిపోతుంటుంది. ఉన్నట్టుండి వాడికి అప్‌సైడ్ డౌన్ కనపడుతుంది, రెండు నిమిషాల్లో పోతుంది. ల్యాబ్ డాక్టర్ ఓవెన్స్, అంటే మనం విలన్ అనుకుని చూస్తుండే పెద్దమనిషి, జాయిస్‌కి ఒక మాట చెప్తాడు. యానివర్సరీ ఎఫెక్ట్ అని. ఏదైనా ఘోరం జరిగితే, ఏడాది తిరిగి ఆ రోజులు దగ్గరపడుతున్న కొద్దీ మనిషికి ఆ గాయం మళ్లీ రేగుతుంది అని. ఇది సినిమా కోసం పుట్టించిన మాట కాదు, మానసిక వైద్యంలో నిజంగా ఉన్నదే.

ఆ సీన్ దగ్గర నేను వీడియో పాజ్ చేశాను. ఎందుకో చెప్తా.

మీలో బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం వైపు వాళ్లకి నవంబర్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. పోయినవాళ్లు 10 వేల మంది అని ఒక లెక్క, అంతకంటే చాలా ఎక్కువ అని అక్కడి వాళ్లు అంటారు. ఎక్కువ దెబ్బ కృష్ణకి అవతల దివిసీమకి. ఇవతల రేపల్లె వైపు తీరం ఊళ్లూ మునిగాయి. అప్పటికి పెనుమూడి-పులిగడ్డ వారధి లేదు, అవతలికి వెళ్లాలంటే పడవే. మా తాతయ్య తమ్ముడు, అంటే మాకు చిన్న తాతయ్య, ఆ తీరంలో ఒక ఊళ్లో ఉండేవాడు. ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆయనకి అరవై దాటాయి. మామూలుగా భలే సరదా మనిషి. కార్తీకమాసం వచ్చి తూర్పు గాలి తిరిగిందంటే మాత్రం సాయంత్రం పూట పశువుల కొట్టంలోకి వెళ్లి కట్లు విప్పేసేవాడు. గేదెలు రోడ్డెక్కేవి, పక్కోళ్ల చేలో పడేవి, తగాదాలు అయ్యేవి. ఎందుకు తాతా అంటే చెప్పేవాడు కాదు. మా నాయనమ్మ చెప్పింది. కట్టేసి ఉన్న గొడ్లన్నీ కట్టుకొయ్య దగ్గరే పోయాయట ఆ రాత్రి.

దీనికి ఇంట్లో వాళ్లు పెట్టిన పేరు 'గాలి'. గాలి సోకింది అని. తాయెత్తులు కట్టించారు, చీరాల వైపు ఎవరి దగ్గరికో తీసుకెళ్లారు. హాకిన్స్‌లో ఓవెన్స్ చెప్పిన మాట ఆ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే ఏమయ్యేదో. ఏమీ అయ్యేది కాదేమో కూడా. ఎందుకంటే ఓవెన్స్ కూడా పేరు పెట్టాడు గానీ పిల్లాణ్ని కాపాడలేకపోయాడు. అతను "ఇది పాత భయం" అనుకున్నాడు, నిజానికి అవతల రాక్షసుడు ఉన్నాడు. సీజన్ అంతా నడిచేది ఈ గీత మీదే. ఇది మనసులో గాయమా, బయట నిజంగా ఏదో ఉందా? మన ఊళ్లలో అయితే అందరూ దెయ్యం అంటారు, గాయం అని ఒక్కడూ అనడు. అక్కడ అందరూ గాయం అన్నారు, దెయ్యం అని అమ్మ ఒక్కతే నమ్మింది.

ఇక బాబ్. జాయిస్‌తో స్నేహంగా ఉండే మంచి మనిషి, రేడియో షాక్ అనే ఎలక్ట్రానిక్స్ షాపు మేనేజర్. విల్‌ని కార్లో బడికి దింపుతూ తన చిన్నప్పటి పీడకల గురించి చెప్తాడు. ఒక జోకర్ కలలో వెంటపడేవాడట. ఒకరోజు కలలోనే ఆగి, వెనక్కి తిరిగి "పో" అని అరిచాడట. అంతే, పోయాడట. "నువ్వూ అలాగే నిలబడు" అంటాడు. ఎంత మంచి సలహా! మనమూ ఇదేగా చెప్తాం. ఎంసెట్ ర్యాంకు రాక మంచానికి అతుక్కుపోయినవాడికి, హాస్టల్లో ఫోన్ పట్టుకుని ఏడ్చేవాడికి. ధైర్యంగా ఉండరా, ఎదురు నిలబడరా, అంతా పోతుంది. విల్ ఆ మాట నమ్మాడు. మైదానంలో ఆ నల్లటి నీడ ముందు ఆగాడు. పారిపోలేదు. "పో" అని అరిచాడు. అది పోలేదు. నోట్లోంచి, ముక్కులోంచి, కళ్లలోంచి వాడి లోపలికి వెళ్లిపోయింది.

ఈ సిరీస్ మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టిన సీన్ ఇదొక్కటే. సలహా ఇచ్చినవాడు చెడ్డవాడు కాదు. ఆ సలహా అతనికి పనిచేసింది కూడా. అతనికి వచ్చింది కల, వీడికి వచ్చింది కల కాదు, అంతే తేడా. తను ఏం చేశాడో బాబ్‌కి చివరిదాకా తెలీదు. తెలియకుండానే పోతాడు. ల్యాబ్‌లో కరెంటు పోయి తలుపులన్నీ లాక్ అయిపోతే, బేసిక్ ప్రోగ్రామింగ్ వచ్చినవాడు వాళ్లందరిలో బాబ్ ఒక్కడే. కోడ్ రాసేవాణ్ని హీరోగా చూపించిన సీన్లు మనకి ఎన్ని ఉన్నాయి చెప్పండి? నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఈ సీన్‌కి గుడి కట్టారు. అందరినీ బయటికి పంపి, తలుపు దాకా వచ్చి, జాయిస్‌ని చూసి ఒక్క నవ్వు నవ్వి ఆగుతాడు. ఆగకుండా ఉండాల్సింది బాబ్.

సరే, గుమ్మడికాయల దగ్గరికొద్దాం. ఇది బాపట్ల వాళ్లకి స్పెషల్. సీజన్ మొదట్లో హాకిన్స్ రైతు ఒకాయన పొలంలో గుమ్మడికాయలన్నీ రాత్రికి రాత్రి కుళ్లిపోతాయి. హాలోవీన్ ముందు గుమ్మడికాయలంటే వాళ్లకి మంచి సీజన్. ఆయన ముందుగా అనుమానపడేది ఎవరిని? పక్క పొలం రైతుని! ఏ దేశమైనా ఇంతే కదా. చేలో మందు చల్లాడనో, నీళ్లు వదిలాడనో, మన దగ్గరైతే చేతబడి అనో. హాపర్ వెళ్లి చూస్తే ఒక్క పొలం కాదు, చుట్టుపక్కల చాలా పొలాలు. ఎక్కడెక్కడ కుళ్లిందో గుర్తులు పెట్టుకుంటూ పోతాడు, తవ్వితే కింద సొరంగాలు. తెగులు పైనుంచి రాలేదు, వేళ్ల కిందనుంచి వచ్చింది.

ఈ పని చేసేవాళ్లు మనకి నిజంగా ఉన్నారు. బాపట్ల వ్యవసాయ కాలేజీ 1945 నుంచీ ఉంది. మినుముకి పల్లాకు తెగులు వచ్చినా, వరికి అగ్గితెగులు వచ్చినా రైతు ఆ మొక్క పీక్కుని వెళ్లేది ఇలాంటి చోటికే. విల్ కథ నడిచిన రెండేళ్లకి, 1986లో, బాపట్ల నుంచి బీపీటీ 5204 విడుదలైంది. పేరు అలా చెప్తే తెలీదు, సాంబ మసూరి అంటే తెలుస్తుంది. పొద్దున్న మీరు తిన్న అన్నం అదే అయ్యుంటుంది. ఎనభైల నోస్టాల్జియా అంటే నాకు ఆర్కేడ్ కంటే అది ముందు గుర్తొస్తుంది ఇప్పుడు.

ఇంకో చిన్న సంగతి. అక్కడ గుమ్మడికాయకి కళ్లు, నోరు చెక్కి గుమ్మం ముందు పెడతారు. ఇక్కడ బూడిదగుమ్మడికాయ గుమ్మానికి కడతాం. అది కుళ్లిందంటే మా నాయనమ్మ సంతోషిస్తుంది. "చూశావా, ఇంటికి తగలాల్సింది అది లాగేసుకుంది" అంటుంది. హాకిన్స్‌లో నాయనమ్మ ఉండుంటే, పొలం మొత్తం కుళ్లిన రోజునే ఊరికి ఏ రేంజ్ దిష్టి తగిలిందో చెప్పేసేది. హాపర్‌కి తవ్వే పని తప్పేది.

ఇప్పుడు చాలామంది ఫార్వర్డ్ చేసేసే ట్రాక్ ఒకటుంది. నాన్సీ, జొనాథన్‌ల ట్రాక్. మొదటి సీజన్‌లో చనిపోయిన బార్బ్ అనే అమ్మాయి గుర్తుందా? వాళ్ల అమ్మానాన్నలకి కూతురు పోయిందని తెలీదు. డిటెక్టివ్‌కి డబ్బులిచ్చి వెతికించడానికి ఇల్లు అమ్మకానికి పెట్టారు. నాన్సీకి నిజం తెలుసు, చెప్పకూడదు. ఆ భోజనాల సీన్‌లో ఆ అమ్మాయి బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తుంది. ల్యాబ్ చేసింది బయటపెట్టాలి, కానీ "ఇంకో లోకం నుంచి రాక్షసుడు వచ్చాడు" అంటే ఎవడు నమ్ముతాడు? అప్పుడు వాళ్లు ఏం చేస్తారంటే నిజంలో నీళ్లు కలుపుతారు. జనం మింగగలిగేంత చేస్తారు. ల్యాబ్ నుంచి విషవాయువు లీకైంది, బార్బ్ దాంతో పోయింది, అని పేపర్లకి ఇస్తారు. జనం నమ్ముతారు. ల్యాబ్ మూతపడుతుంది.

మళ్లీ నా క్యాలెండర్ చూడండి. ఇది జరిగేది 1984 నవంబర్‌లో. అదే ఏడాది డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక భోపాల్. అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ. నిద్రలో ఉన్న ఊరి మీదికి మిథైల్ ఐసోసైనేట్ వాయువు. వేల మంది. డఫర్ బ్రదర్స్‌కి ఇది తట్టిందో లేదో గానీ, వాళ్ల కథలో 'జనం నమ్మే చిన్న అబద్ధం'గా వాడుకున్న సంగతి, వాళ్ల కథ జరిగిన నెలకే మన దేశంలో నిజంగా జరిగింది. మనవరకూ అది పాత చరిత్ర కూడా కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కుప్పకూలినవాళ్ల వీడియోలు మీరందరూ ఫోన్లో చూశారు. అప్పుడు లాక్‌డౌన్, చూడటం తప్ప ఏం చేయలేకపోయాం. అందుకే ఆ ట్రాక్ బోర్ అంటే నేను ఒప్పుకోను. తీసిన తీరు కొంచెం సాగింది, అది ఒప్పుకుంటా. ఆ మర్రే అనేవాడి ఇంట్లో లవ్ ట్రాక్ అంతసేపు అక్కర్లేదు.

నచ్చనివి కూడా చకచకా చెప్పేస్తా. బిల్లీ అనే కొత్త కుర్రాడు, మ్యాక్స్ సవతి అన్నయ్య. ఈ సీజన్‌లో వాడెందుకున్నాడో వాడికే తెలీదు. ఏడో ఎపిసోడ్, కాళి ఎపిసోడ్, సీజన్‌లో అందరూ తిట్టేది. నేను వేరే కారణానికి తిడతా. ఎలెవెన్ లాగే ల్యాబ్‌లో పెరిగిన ఇంకో అమ్మాయి, చేతి మీద 008 అని పచ్చబొట్టు. మన దేశం మూలాలున్న అమ్మాయి. పేరు కాళి! లేనిది కళ్లకి కట్టినట్టు చూపించే శక్తి, అంటే మన మాటల్లో కనికట్టు. ఇంత పెట్టుకుని, ఆ అమ్మాయి అమ్మ ఎవరు, ఇంట్లో ఏం భాష మాట్లాడేవారు, ఆ పేరు ఎవరు పెట్టారు, ఒక్కటీ అడగలేదు. జుట్టుకి రంగేసి షికాగోలో ఒక ముఠా కట్టించి, నలభై నిమిషాల్లో పని కానిచ్చేశారు. అయిదో సీజన్‌లో మళ్లీ తీసుకొచ్చారు గానీ, ఈ కోపం నాకు అప్పటిది.

స్టీవ్, డస్టిన్‌ల గురించి వేరే చెప్పాలా? మొదటి సీజన్‌లో మనం తిట్టుకున్న కాలేజీ బుల్లోడి టైపు స్టీవ్‌ని, మేకులు కొట్టిన బ్యాట్ చేతికిచ్చి పిల్లల కాపలాదారుణ్ని చేశారు. డస్టిన్ చెత్తబుట్టలో దొరికిన వింత పురుగుకి చాక్లెట్ పెట్టి పెంచుతాడు, అది పెరిగి వాళ్ల పిల్లినే తినేస్తుంది. ఇద్దరూ రైలు పట్టాల మీద నడుస్తూ మాంసం ముక్కలు విసురుతూ, జుట్టు ఎలా దువ్వుకోవాలి అని మాట్లాడుకునే సీన్ ఉంది. రేపల్లె లైన్లో పట్టాల మీద నడుచుకుంటూ ఇంటికెళ్లిన ఎవడికైనా ఆ సీన్ ఎక్కుతుంది. (ఇప్పుడు నడవకండి, ఎలక్ట్రిక్ బళ్లు చప్పుడు లేకుండా వస్తాయి.)

నేను అసలు చెప్పాలనుకున్నది ఎనిమిదో ఎపిసోడ్. విల్ లోపల ఆ నీడ పూర్తిగా కూర్చుంది. విల్ ఏం చూస్తే అది చూస్తుంది, ఏం వింటే అది వింటుంది. తలుపు ఎలా మూయాలో విల్‌కి తెలుసు, చెప్పనివ్వదు. అప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఏ చోటో గుర్తుపట్టకుండా గోడలన్నీ గుడ్డలతో, అట్టలతో కప్పేసి, విల్‌ని కుర్చీకి కట్టేసి కూర్చోబెడతారు. మన దగ్గర చెట్టుకి కట్టేసి వేపమండలతో కొట్టే సీన్ గుర్తొస్తుంది మీకు. ఇక్కడ కొట్టరు. మంత్రం లేదు. ఒక్కొక్కళ్లే ముందు కూర్చుని గుర్తుచేస్తారు.

అమ్మ చెప్తుంది: నీ ఎనిమిదో పుట్టినరోజుకి 120 రంగుల క్రేయాన్ల డబ్బా కొనిచ్చాను, నువ్వు అన్ని రంగులూ వాడి ఒక అంతరిక్ష నౌక గీశావు, నేను పనిచేసే షాపులో పెట్టుకుని అందరికీ చూపించాను. అన్నయ్య చెప్తాడు: నాన్న వదిలేసి వెళ్లిపోయిన రోజు రాత్రంతా వానలో తడుస్తూ మనిద్దరం అడవిలో కర్రలతో కోట కట్టాం. మైక్ చెప్తాడు: బడి మొదటి రోజు నాకెవరూ స్నేహితులు లేరు, నువ్వొక్కడివే ఉయ్యాల ఊగుతున్నావు, నాతో స్నేహం చేస్తావా అని అడిగాను, నువ్వు ఊఁ అన్నావు.

అంతే. మొహంలో ఏ మార్పూ లేదు. నోరు "నన్ను వదలండి" అంటూనే ఉంటుంది. కానీ కుర్చీకి కట్టిన చెయ్యి, ఒక్క వేలు, టక్ టక్ మని కొడుతుంటుంది. హాపర్ చూస్తాడు. మోర్స్ కోడ్. లోపల ఎక్కడో విల్ ఉన్నాడు. 'గేటు మూసెయ్యండి' అని చెప్తున్నాడు.

నా మొదటి ప్రశ్న గుర్తుందా, ఎవరిదో నోస్టాల్జియా నాకెందుకు తగిలింది అని? సైకిళ్లు, ఆర్కేడ్‌లు కావు ఫ్రెండ్స్. ఆ క్రేయాన్ల డబ్బా. నాకు అది క్యామెల్ కంపెనీ 12 రంగుల డబ్బా, మా అమ్మకి అది ఇంకా గుర్తుంది. మా చిన్న తాతయ్యని అలా ఎవరైనా ఎదురుగా కూర్చోబెట్టి, ఆ రాత్రికి ముందు ఆయన ఎలా ఉండేవాడో చెప్పి ఉంటారా? ఈతలో ఆయన్ని కొట్టేవాడు లేడట. పెళ్లిలో పానకం బిందె మొత్తం తాగేశాడట. ఇవన్నీ ఆయన పోయాక పెద్దకర్మ రోజు భోజనాల్లో విన్నాం. అందరికీ అన్నీ గుర్తున్నాయి. ఆయనకి తప్ప అందరికీ చెప్పుకున్నారు.

ఇంకొక మాట చెప్పి ఆపేస్తా. నెట్‌ఫ్లిక్స్ 2022లో నాలుగో సీజన్‌ని తెలుగులో కూడా వదిలింది, హాకిన్స్ పిల్లలు మన భాష మాట్లాడారు, బావుంది. మరి మన పిల్లలు? నాకు ఒక సిరీస్ కనపడుతుంటుంది. 1978 నవంబర్. రేపల్లె స్టేషన్, లైను అక్కడితో ఆఖరు, రైలు వచ్చి ఆగితే ఇంక ముందుకి పట్టాలు లేవు. ఉప్పెనలో కొట్టుకుపోయాడనుకున్న పదేళ్ల పిల్లాడు ఏడాది తర్వాత ఆ రైలు దిగుతాడు. చేతిలో తడిసిన చందమామ. ఆ ఏడాదంతా ఎక్కడున్నాడో చెప్పడు. నిజాంపట్నం మడ అడవుల వైపు చూస్తే మాత్రం చెవులు మూసుకుంటాడు. ఊళ్లో వాళ్లు గాలి అంటారు. బాపట్ల కాలేజీలో చదివే కుర్రాడొకడు చేలో నల్లబడ్డ వరి దుబ్బు పీకి వేళ్లు చూస్తాడు. వాళ్లమ్మ ఒక్కతే పిల్లాడి వేళ్ల కేసి చూస్తూ కూర్చుంటుంది.

దీనికి ఇంకేం కావాలో కింద కామెంట్లలో రాయండి. ఉప్పెన రాత్రి సంగతులు మీ ఇంట్లో చెప్పేవాళ్లు ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే, వాయిస్ రికార్డు చేసి పంపండి. అవి అయిన కాడికి పేర్లు లేకుండా ఒక ఎపిసోడ్‌లో వినిపిస్తా. వచ్చే వారం యండమూరి 'తులసిదళం', దాని రెండో భాగం 'తులసి'. అది రాత్రి పూట వినకండి. ఉంటాను.